తోక వచ్చేదాకా

ఎనిమిదిన్నర దాటింది, అక్క ఇంకా రాలేదు. లారీలు తూచే కాటా పక్కన, రోడ్డు కుడికి తిరిగేచోట, సైకిలు తుంటికి ఆనించుకుని నలభై నిమిషాలుగా నిలబడి ఉన్నాను. నేను దారి చూపించాల్సిన మనిషి ఇంకొక్కతే మిగిలింది, ఆ ఒక్కతే రావడం లేదు. ఏడు రోజుల కిందట పదమూడు మందిమి సైకిళ్ళ మీద బయల్దేరాం, ఇంకో రెండు రోజులు పోవాలి. అందరికన్నా ముందుండేది మేస్త్రి, నిజంగానే ఇళ్ళు కట్టించే మేస్త్రి, దారి ఆయన ఒక్కడికే తెలుసు. మలుపు వచ్చిన ప్రతిచోటా ఆయన వెనకాలే ఉన్న మనిషి దిగిపోయి, వచ్చేవాళ్ళకి చెయ్యి చాపి దారి చూపిస్తూ నిలబడాలి. ఆ మనిషిని గుంజ అంటాం. అందరికన్నా చివర నారింజరంగు కోటు వేసుకుని ఒకరు వస్తారు, ఆ మనిషి తోక. తోక కనిపించేదాకా గుంజ కదలకూడదు. వాన పడనీ, దాహం వేయనీ, దగ్గర్లో పెళ్ళి భోజనాలు జరగనీ, కదలకూడదు. తొలి యాత్రలో ఒకాయన టీ తాగొద్దామని ఐదు నిమిషాలు పక్కకి పోతే, వెనకవస్తున్న లెక్కల మాస్టారు నేరుగా పోయి పోయి సాయంత్రానికి ఏదో సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర తేలాడట. అప్పటినుంచి మాకున్న శాసనం ఇదొక్కటే. మిగతావన్నీ సలహాలు.

ఆ నారింజరంగు కోటు కుట్టింది నేనే. అక్క కొలత ప్రకారం కుట్టలేదు, ఎవరికైనా పట్టేలా వదులుగా కుట్టి, పక్కల తాళ్ళు పెట్టాను. అయినా ఈ పొద్దున అక్క తొడుక్కుంటే దానికోసమే కత్తిరించినట్టుంది. డ్రిల్లు టీచరుకి ఏ బట్టయినా అలాగే నిలబడుతుంది, భుజాలు అలాంటివి. నావి కుట్టుమిషను మీద వంగిన భుజాలు. కాళ్ళు మాత్రం ఇరవై ఆరేళ్ళు మిషను తొక్కిన కాళ్ళు, సైకిలెక్కిన మొదటిరోజే అక్క వాటిని చూసి, అమ్మో నీ పిక్కలు నాకుంటేనా అంది. మిషను తొక్కితే ఇంట్లోనే ఉంటావు, సైకిలు తొక్కితే ఎక్కడికైనా పోతావు, తేడా అదొక్కటే అని మా ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. ఎత్తిపొడుపుగా అన్నాడు గానీ నాకది సర్టిఫికెట్టులా వినపడింది. కోటు తాళ్ళు ముడివేసుకుంటూ అక్క నా వైపు చూడలేదు. చూడకపోవడం అప్పుడు తెలియలేదు, ఇప్పుడు తెలుస్తోంది. మనిషి ఎదురుగా లేనప్పుడు ఎన్ని తెలుస్తాయో. ఇవాళ తోకగా నేనుంటా అని తానే అడిగి తీసుకుంది, నాకోసమే అనుకున్నాను. బయల్దేరే ముందురోజు మా అమ్మాయి, అమ్మా, కొండ కనుమ దగ్గర సామాన్ల వ్యాను ఎక్కేయ్, ఎవరూ ఏమీ అనుకోరు అంటే, అక్క చపాతీ ముక్క నోట్లో పెట్టుకుంటూ, నా చెల్లెలు వ్యాను ఎక్కదు, వెనకాల నేను తోకనై తోలుకుపోతా అంది. ఆ మాట పట్టుకుని ఏడు రోజులు తొక్కాను.

ఏమైందో దానికి. గొలుసు ఊడి ఉంటుంది, ఊడితే రెండు నిమిషాల పని. పంక్చరైతే పావుగంట. మూడుసార్లు ఫోను చేశాను, మోగి మోగి ఆగిపోయింది. తొక్కేటప్పుడు ఎత్తదు, అది మామూలే. తొక్కలేనప్పుడు ఎత్తాలి కదా. ఎడమ మోకాలు మొన్నటినుంచి పట్టేస్తోందని కట్టు కట్టుకుంటోంది, ఆ మోకాలు ఒక్కసారిగా పట్టేసి, పక్కనే లారీ, అద్దం అంచు తగిలి, వద్దు, అటు పోకూడదు. ఇందాక ఇటు వచ్చిన పాలవ్యాను ఆపి అడిగాను, నారింజరంగు కోటులో ఒకావిడ కనబడిందా అని. ఎవరూ కనబడలేదండీ, రోడ్డంతా ఖాళీ అన్నాడు. రోడ్డంతా ఖాళీ అంటే పడిపోలేదనా, పొదల్లోకి పడిపోయిందనా. వెనక్కి పోయి చూద్దామంటే, నేనటు పోయిన సమయంలో తను ఇటు వస్తే, నేను కనబడక నేరుగా పోతే. గుంజ కదలకూడదు. కాళ్ళు మాత్రం వెనక్కే లాగుతున్నాయి. రోడ్డు మీద ఏ చుక్క కదిలినా నారింజరంగులో కనబడుతోంది, దగ్గరికొచ్చాక చూస్తే ఎరువు బస్తానో, ఎవరిదో టోపీనో.

పదిమంది నా ముందునుంచి పోయారు, ఒక్కొక్కరినీ మళ్ళీ లెక్కపెట్టుకున్నాను. లెక్కల మాస్టారు తన సైకిలు గొలుసు వైపు చూస్తూ, వెనకాలే ఉన్నారండీ అన్నాడు, నేనేమీ అడగలేదు. రిటైరయిన పోస్టుమాస్టరు ఎప్పుడూ ఆగి నా టైర్లు నొక్కి చూసి, గాలి బానే ఉందమ్మా అని చెప్పి పోతాడు, ఇవాళ ఆగలేదు. అందరూ ముందే పోవాలన్న తొందరలో ఉన్నారేమో. ఒకే రంగు బట్టలు వేసుకునే మొగుడూపెళ్ళాలున్నారు, ఆవిడ ప్రతి మలుపులోనూ గంట మోగించి, ఏమమ్మా గుంజా, గేదెలు క్షేమమా అని అడుగుతుంది. పాలిస్తున్నాయి, నువ్వే తాగడంలేదు అని నేను. ఏడు రోజులుగా అదే మాట, అదే జవాబు, ఇద్దరం కొత్తగా నవ్వుకుంటాం. ఇవాళ గంట మోగలేదు. మొగుడు పక్కన ముఖం దాచుకుని పోయింది. పళ్ళ డాక్టరమ్మాయి ఒక్కతే ఆగింది, ఆగి తన నీళ్ళ సీసా తీసి నా చేతిలో పెట్టి, ఉంచండి ఆంటీ, ఎండ వస్తుంది అంది. ఐదు నిమిషాలు నిలబడే మనిషికి రెండో సీసా ఎందుకు? రాత్రి తన సంచి పట్టీ తెగితే నేను కుట్టిచ్చాను, అందుకేమోలే అనుకున్నాను. బస చేసినచోట పై గదిలో మంచం మీద కూర్చుని, దబ్బనం లేక మామూలు సూదితోనే, బొటనవేలు గుచ్చుకుంటూ కుడుతుంటే కింద భోజనాల బల్ల దగ్గర అందరూ ఒక్కసారిగా నవ్వడం వినిపించింది. అంత నవ్వు ఏడు రోజుల్లో ఎప్పుడూ వినలేదు. ఏమి నవ్వుకున్నారని అక్కని అడిగితే, ఏముందే, పాతదే అంది.

తొమ్మిదికి పది నిమిషాలుంది. కనుమ పైన రోడ్డు వెడల్పు చేస్తున్నారు, రాళ్ళు పేలుస్తారు, పదిన్నరకి గేటు వేస్తే మళ్ళీ నాలుగింటికే తీస్తారు. ఇక్కణ్ణుంచి గేటు పదహారు కిలోమీటర్లు, మొత్తం ఎక్కుడే. నాకు రెండున్నర గంటలు పడుతుంది, ఊహించి చెప్పడంలేదు. మా ఊరి ఫ్లైఓవరు మీద ఆదివారం ఆదివారం ఇరవైసార్లు ఎక్కి దిగి, వెనక సంచిలో కత్తెరలూ ఇస్త్రీపెట్టే పెట్టుకుని, కొలిచి చూసుకున్న లెక్క. ఎనిమిదికి బయల్దేరి ఉంటే పదిన్నరకి గేటు ముందుండేదాన్ని, వేయబోతున్న గేటు కిందనుంచి వంగి దూరేదాన్ని. ఈ ఒక్కపూట కోసమే వచ్చాను. మిగతా ఎనిమిది రోజులూ దీనికి ముందూ వెనకా ఉన్న రోడ్డే. ఎక్కడికి పోయినా సామాన్ల దగ్గర ఉండేది నేను. జలపాతం చూడ్డానికి పోతే చెప్పుల దగ్గర నేను, మేడ మీదికి పోతే కింద సంచుల దగ్గర నేను, అమ్మ ఉందిగా అని పిల్లలు, అది ఉంటుందిలే అని ఆయన. ఏమీ అనేదాన్ని కాదు, అందులో బాధేమీ లేదనే అనుకున్నాను. యాభై ఒకటో ఏట సైకిలెక్కాక తెలిసింది, పైనుంచి కిందికి చూడడమన్నది ఒకటుందని. ఫ్లైఓవరు మీంచి మా వీధి కనబడింది, నా కుట్టుకొట్టు రేకు కనబడింది, ఆ రేకు మీద ఎవరి పిల్లలదో బంతి ఎన్నాళ్ళనుంచి ఇరుక్కుని ఉందో, ఇరవై ఆరేళ్ళు దాని కింద కూర్చున్నదాన్ని నాకు తెలియదు.

ఇంతసేపు నిలబడడం నాకిది మొదటిసారి కాదు. నాకు తొమ్మిదేళ్ళు, అక్కకి పదమూడు. బజార్లో పుస్తకాల కొట్టు ముందు స్తంభం దగ్గర నిలబెట్టి, ఇక్కడే ఉండు, చిటికెలో వస్తా అని స్నేహితురాళ్ళతో సినిమాకి పోయింది. ఆట మొత్తం చూసి వచ్చింది. నేను స్తంభం దగ్గరే ఉన్నాను. ఇది మా ఇంట్లో ప్రతి పెళ్ళిలోనూ చెప్పుకునే కథ, దాన్ని ఎక్కడ నిలబెడితే అక్కడే అని, చెప్పేది అక్కే, అందరికన్నా ముందు నవ్వేది నేనే. కథలో లేని ముక్క ఒకటుంది. కొట్టువాడు రెండుసార్లు వచ్చి, ఎవరి పిల్లవే, లోపలికి రా, బాత్రూము ఉంది అన్నాడు. కదిలితే అక్క తప్పిపోతుందనుకుని కదల్లేదు, గౌను తడిసిపోయింది, మేజోళ్ళలోకి కారింది. సినిమా విడిచాక అక్క పరిగెత్తుకొచ్చి చూసి, ముఖం పాలిపోయి, తన స్వెట్టరు విప్పి నా నడుముకి చుట్టి, ఇంట్లో చెప్పకే, నీకు దణ్ణం పెడతా అంది. ఒట్టు, నేనూ ఎవరికీ చెప్పను, చచ్చినా చెప్పను అంది. చెప్పలేదు. నలభై రెండేళ్ళుగా కథ చెప్పినప్పుడల్లా ఆ ముక్క దగ్గరికి రాగానే నా వైపు ఒక్కసారి చూసి దాటేసేది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, అది మాత్రం నానబెట్టింది. అందరూ స్తంభాన్ని చూసి నవ్వేవాళ్ళు. నేను ఆ దాటేయడాన్ని చూసి నవ్వేదాన్ని. అక్కంటే నాకున్న ఇష్టమంతా ఆ ఒక్క క్షణంలో ఉండేది, దాని మీదే కట్టుకున్నాను.

ఇంజను చప్పుడుకి తలెత్తాను. మా సామాన్ల వ్యాను. ఇది ఎప్పుడూ తోక వెనకాల రావాలి, తోక లేకుండా ఇదొక్కటే వస్తోందంటే, చేతిలో సైకిలు వదిలేశాను, అది రోడ్డు మీద పడింది. డ్రైవరు దిగి తాపీగా సైకిలు లేపి నిలబెట్టాడు.

"ఇంకా నిలబడే ఉన్నారా మేడమ్? ఆ కాటా గది మెట్ల మీద కూర్చుని ఉంటారనుకున్నా."

"అక్కకేమైంది?"

"ఏమవుతుంది? కాలవగట్టు మీదుగా వెళ్ళిపోయారుగా. రెండు కిలోమీటర్ల వెనకే తిరిగారు, అటునుంచి కొండదారిలో కలవచ్చు. ఈపాటికి సగం ఎక్కేసి ఉంటారు. రాత్రి అనుకున్నట్టే."

"ఏమనుకున్నారు రాత్రి?"

అతను వెనక తలుపు తెరవబోతున్న చెయ్యి ఆపాడు. "మీకు చెప్పే చేస్తున్నారనుకున్నానే," అన్నాడు. "నాకెందుకొచ్చిన గొడవ మేడమ్, ఎక్కండి, పోదాం."

"చెప్పండి, ఎక్కుతాను."

అబద్ధం చెప్పడం ఇంత తేలికని నాకు తెలియదు. అతను చెప్పాడు. మీవల్ల ఆలస్యమై గేటు పడిపోతే అందరం నాలుగు దాకా ఇవతలే ఆగిపోవాలి కదా, అదీ సంగతి. మేస్త్రిగారైతే ఆవిడకి నేరుగా చెప్పేద్దాం అన్నారు. "మీ అక్కగారే, చెబితే ఒప్పుకోదు, ఏడుస్తుంది, ఆ కాటా మలుపులో గుంజగా నిలబెట్టేయండి, తోక కనబడందే చచ్చినా కదలదు, తొమ్మిదికి వ్యాను పోయి ఎక్కించుకొస్తుంది అన్నారు. సరేనన్నవాళ్ళు చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. ఆ డాక్టరమ్మ కాస్త ఆలస్యంగా ఎత్తింది." నన్ను నొప్పించకూడదనేమో అతను నవ్వు ముఖం పెట్టాడు. "చిన్నప్పుడు కూడా అంతేనంటగా మీరు. గౌను తడుపుకుని కూడా స్తంభం దగ్గరనుంచి కదల్లేదని చెబితే అందరూ ఒకటే నవ్వు. మాట మీద నిలబడే మనిషంటే ఈవిడే అని నేను మాత్రం అనుకున్నా మేడమ్."

రోడ్డు, కాటా, వ్యాను మీద కట్టిన తాళ్ళు, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. నడుముకి చుట్టిన స్వెట్టరు వాసన ఒకటి, ముక్కుపొడి రంగు, మోచేతుల దగ్గర దారాలు లేచినది, అది వచ్చి పోయింది. పదకొండు మంది బల్ల చుట్టూ కూర్చుని ఆ తడి గౌనును చూశారు. పొద్దున నా ముందునుంచి పోతూ ఒక్కొక్కరూ చూసింది నన్ను కాదు, మేజోళ్ళలోకి కారుతున్న పిల్లని. పోస్టుమాస్టరు అందుకే ఆగలేదు, ఆవిడ అందుకే గేదెల్ని అడగలేదు. పైన గదిలో నా వేలికి సూది గుచ్చుకున్నది ఏ నవ్వు దగ్గరో కూడా ఇప్పుడు చెప్పగలను. వ్యానెక్కించినా ఫరవాలేదు. నెమ్మదిగా తొక్కుతాను, నిజమే. ముఖం మీద చెప్పి ఉంటే ఏడ్చేదాన్ని, ఏడ్చి ఎక్కేదాన్నేమో కూడా. నా చేతకానితనాన్ని వాడుకోలేదు వాళ్ళు. నా మాట నిలకడని వాడుకున్నారు. గంటసేపు దానికి ఏమైపోయిందోనని ఇక్కడ నేను చచ్చాను, నేనలా చస్తానని దానికి తెలుసు, దాని మీదే లెక్క వేసింది.

డ్రైవరు ఫోను మోగింది. అక్క గొంతు బయటికే వినబడుతోంది, రొప్పుతోంది. "ఎక్కిందా? ఏడ్చిందా?" అంటోంది. చెయ్యి చాపితే అతను ఫోను ఇచ్చేశాడు.

"నేనే," అన్నాను.

"చిన్నీ. ఏమనుకోకే. అందరి కోసం ఆలోచించాలి కదా. పైన నీకు టిఫిను తీయించి ఉంచుతాను, ఫొటోలు నువ్వొచ్చాకే తీసుకుంటాం."

"గౌను సంగతి ఎందుకు చెప్పావు?"

"ఏ గౌను?"

అవతల ఎవరిదో సైకిలు బ్రేకు కీచుమంది.

"ఓ, అదా," అంది అక్క. "నవ్వుకోడానికి చెప్పాలేవే. మనకి యాభై ఏళ్ళు దాటాయి, ఇంకా దాచుకునేదేముంది అందులో? నువ్వింకా అదే పట్టుకుని కూర్చున్నావా?"

అది నటించడంలేదు. నటిస్తే నాకు తెలుస్తుంది. నిజంగానే దానికి ఒట్టు గుర్తులేదు, లేదా ఎప్పుడో దాని లెక్కలో కాలం తీరిపోయింది, నాకు చెప్పడం మరిచిపోయింది. నలభై రెండేళ్ళు ఇద్దరం మోస్తున్నామనుకున్నది నేనొక్కదాన్నే మోశానన్నమాట. పెళ్ళిళ్ళలో నా వైపు చూసి దాటేసేది కూడా ఏమో, ఊపిరి తీసుకోవడానికి ఆగేదేమో. ఫోను డ్రైవరుకి ఇచ్చేశాను. సైకిలెక్కి, కుడిపక్క పెడలు మీద కాలు పెట్టాను.

"మేడమ్, ఎక్కుతానన్నారు."

"సైకిలు అనుకున్నాను," అన్నాను. "మీరు పోండి. గేటు పడితే వాళ్ళకి తిండీ బట్టలూ ఇవతలే ఉండిపోతాయి."

"మీరక్కడికి చేరేసరికి గేటు వేసేస్తారు. నాలుగు దాకా ఒక్కరే కూర్చోవాలి. అవతల ఇంకా అరవై కిలోమీటర్లుంది, చీకటి పడుతుంది."

"కూర్చోడం, నిలబడడం నాకు కొత్త కాదుగా. దీపం ఉంది, బ్యాటరీ ఉంది."

కాసేపు నా వెనకే నెమ్మదిగా నడిపాడు, వ్యాను మూలుగుతూ వచ్చింది. చేత్తో ముందుకి పొమ్మన్నాను. పక్కకి వచ్చి అద్దం దించి, "మీ అక్కగారికి ఏం చెప్పమంటారు?" అన్నాడు. తల ఊపాను, అది ఏమని అర్థం చేసుకున్నాడో, వెళ్ళిపోయాడు.

మొదటి మూడు కిలోమీటర్లు కోపం తొక్కింది. తరవాత కోపం అయిపోయి కాళ్ళు తొక్కాల్సి వచ్చింది. ఒకచోట దిగి తోసుకుంటూ నడిచాను, మళ్ళీ ఎక్కాను. తొమ్మిదేళ్ళ పిల్ల గురించి ఆలోచించాను, ఆ కొట్టువాడు మూడోసారి కూడా వచ్చి ఉంటే లోపలికి పోయేదేమో అనుకున్నాను, పోయేది కాదు. చెమట కళ్ళలోకి దిగి మండుతోంది, ఏడుపో చెమటో తేల్చుకోవాల్సిన అవసరం ఇక్కడ ఎవరికీ లేదు. నాలుగో కిలోమీటరు దాటాక రోడ్డు రెండుగా చీలింది. బోర్డు ఉండాల్సినచోట గుంత తవ్వి ఉంది, బోర్డు పక్కన బోర్లా పడేసి ఉంది, తిప్పి చూద్దామన్నా అది ఎటు తిరిగి ఉండేదో ఎవరు చెబుతారు. చీలిక దగ్గర ఎవరూ లేరు. ఉండరు. తోక దాటిపోగానే గుంజ కదిలిపోతుంది, తోక వెనక కూడా మనిషి ఉంటుందన్నది మా శాసనంలో లేదు. ఏడు రోజులుగా నేను రోడ్డును చూడనేలేదు, చాపిన చేతుల్ని చూసి తిరిగాను. ఒక కాలు నేల మీద ఆనించి రెండు దారుల్నీ చూశాను. కుడిపక్కది వెడల్పుగా, నున్నగా, నీడలోకి పోతోంది. ఎడమపక్కది ఇరుకు, గతుకులు, దాని మీద పొడవునా తెల్లటి రాతిపొడి రాలి ఉంది, దిగివచ్చే లారీల్లోంచి రాలినది. రాళ్ళు పేలుస్తున్నది కనుమలోనే. జేబులో ఫోను మోగుతోంది, మోగనిచ్చాను. గేరు తగ్గించి ఎడమకి తిప్పాను. తప్పయితే తిరిగొస్తాను. నాకోసం ఆగి ఉన్నవాళ్ళు ఎవరూ లేరు.